కొరమీను సాక్ష్యము చాలునా?

మూడేండ్ల క్రిందట భాద్రపదమాసమున ఒకనాటి ప్రాతఃకాలమున, మా వాకిట ఎప్పుడును చేపలగంప దించు అవ్వ వట్టిగంపతో వచ్చి నిలుచున్నది. మేముండు గ్రామము ఖమ్మము నుండి భద్రాచలము పోవు బాటకు లోపలగా, పొలములు ముగిసి అడవి మొదలగు చోట నున్నది. ఊరికి ఒక ప్రక్క ప్రత్తి, మిరప చేలు, మఱియొక ప్రక్క ఇప్పచెట్లు, నడుమ చెఱువు. ఆ చెఱువున వలవేసి బ్రదుకు కుటుంబములలో అవ్వది యొకటి. "ఏమవ్వా, వల పడలేదా?" యని నేనడుగగా, "ఇయ్యాల చేపలు తీసుకోకుండ్రి, అమ్మా. చెర్ల మందు కలిసింది. పరకలన్ని తేలినయి. తెలిసి తెలిసి మీ పిల్లలకెట్ల పెడుత?" అని చెప్పి, గంప బోర్లించి అరుగుపై కూర్చుండినది. ఆ దినము ఆమె యింట పొయ్యి వెలుగుట ఆ గంపమీదనే ఆధారపడియున్నదని నే నెఱుగుదును.

మావారు ఊరి పాఠశాలలో ఉపాధ్యాయులు. వారు పిల్లలను వెంటబెట్టుకొని చెఱువునకు బోవుచుండగా నేనును వెళ్ళితిని. తూము దగ్గఱ నీటిపై పరకపిల్లలు వెల్లకిలబడి, వెండి రేకులు చల్లినట్లు తేలుచుండెను. కొన్ని జెల్లలు ఒడ్డునకు చేరి మెలికలు తిరుగుచుండెను. ముందునాటి సాయంకాలము ఆ తూము దగ్గఱనే ఎవరో ప్రత్తిచేనికి మందు చల్లిన పంపును, డబ్బాను కడిగిరని ఊరివారందఱు ఎఱుగుదురు. అయితే నడుమ లోతునీట కొరమీను మాత్రము ఎప్పటివలె పైకి వచ్చి, నోరు తెఱచి గాలి మ్రింగి, మరల మునుగుచుండెను. దానిని చూచి యొక పెద్దమనిషి, "కొరమీను బ్రదికియున్నది గదా! నీటిలో విషమే యున్నచో అదియు చావవలదా? పశువులను దింపవచ్చును" అనిరి. కొందఱు ఆ కొరమీనులనే పట్టి యిండ్లకు గొనిపోయిరి. మావారు మాత్రము, "ఒక్క సాక్షి మాట విని తీర్పు చెప్పరాదు, ఆ సాక్షి మొండివాడైనచో మఱియు చెప్పరాదు" అనిరి.

సోదరీమణులారా! ఆనాటి నుండి నా మనస్సున ఒక ప్రశ్న నాటుకొన్నది. నీటి మంచిచెడ్డలను గూర్చి చేపలు సాక్ష్యము చెప్పును, నిజమే. కాని చెఱువున పదిజాతుల చేపలుండగా, ఏ చేప సాక్ష్యమును మనము నమ్మవలెను? ఈ ప్రశ్న మా యూరిది మాత్రమే కాదు. ప్రపంచమున శాస్త్రజ్ఞులు, ప్రభుత్వములు, మందులు చేయు పరిశ్రమలు సైతము దీనికే యుత్తరము వెదకుచున్నవి. మావారి సహాయమున నేను చదివి తెలిసికొన్న సంగతులను, ఇల్లాండ్రకు పనికివచ్చు నను నమ్మకముతో ఇచట వ్రాయుచున్నాను.

ముందుగా చేప ఊపిరి సంగతి. చేప తన చెవులవంటి మొప్పలనుండి నీటిని పోనిచ్చి, ఆ నీటిలో కరగియున్న ప్రాణవాయువును గ్రహించును. మొప్పలలోని పొర మిక్కిలి పలుచన. ఆ పొర కొక ప్రక్క నీరు, ఒక ప్రక్క నెత్తురు. నీటిలోని విషము మనకు హాని చేయవలెనన్న మనము దానిని త్రాగవలెను, లేదా ఒంటికి పట్టించుకొనవలెను. చేపకు ఆ శ్రమ లేదు. అది ఊపిరి తీసిన ప్రతి మాఱును విషము నేరుగా నెత్తుటిలోనికి పోవును. అందుచేతనే మనకు తెలియనంత కొంచెపు విషమును గూడ చేప ముందుగా కనిపెట్టును.

అయినను అన్ని చేపలు ఒక్కరీతివి కావు. కొరమీనునకు మొప్పలపైని గాలిని దాచుకొను అఱ యొకటి కలదు. అది నీటిపైకి వచ్చి మనవలె గాలినే పీల్చును. ఎదిగిన కొరమీనును పైకి రానీయక మంచినీటిలోనే బంధించి యుంచినను ఊపిరాడక చచ్చును. మట్టగిడస, మార్పు, ఇంగిలాయి యనునవియు ఇట్లు గాలి పీల్చు జాతులే. ఎండకాలమున చెఱువులెండి బురద మిగిలినను ఇవి ప్రాణము నిలుపుకొనును. తెలంగాణ ప్రభుత్వము 2016 లో కొరమీనును రాష్ట్రపు చేపగా ప్రకటించినది. ఆ గౌరవమునకు అది తగినదే. కాని పరకకు ఇట్టి అఱ లేదు. దానికి నీరే గాలి. నీటిలో ప్రాణవాయువు తగ్గినను, మొప్పలకు దెబ్బ తగిలినను అది ముందుగా తేలును. కొరమీనుకు విషము తగులదని కాదు. అది తాళగలదని మాత్రమే. కాబట్టి కొరమీను బ్రదికియుండుట కొరమీను బలమును జెప్పును గాని, నీటి శుద్ధిని జెప్పదు.

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు మనము ఒక మెతుకు పట్టి చూతుము. ఆ కుండలోని మెతుకులన్నియు ఒక్క బియ్యమువి గనుక అది చాలును. చెఱువులోని చేపలు అట్లు ఒక కుండలోని మెతుకులు కావు. ఈ సంగతిని మఱచుటయే ఆనాడు మా యూరి పెద్దమనిషి చేసిన పొఱపాటు. చదువుకొన్నవారును దీనిని పలుమాఱులు చేయుచున్నారు.

ఇక చేపలతో నీటివిషమును పరీక్షించు విధమును చెప్పెదను. ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ యను దేశముల కూటమి దీనికి 1981 లో 203 వ సంఖ్యతో ఒక పద్ధతిని ప్రకటించి, 2019 లో దానిని సవరించినది. ఒకే జాతివి, ఇంచుమించు ఒకే పరిమాణముగలవి చేపలను తెచ్చి, కొన్నాళ్లు మంచినీటి తొట్లలో అలవాటు పఱతురు. పిమ్మట కనీసము ఐదు తొట్లలో మందును ఒకదానికంటె నొకటి హెచ్చు పాళ్ళలో కలిపి, మఱియొక తొట్టిలో మందు లేని నీరుంచుదురు. తొట్టికి కనీసము 7 చేపల చొప్పున విడిచి, 96 గంటలు, అనగా నాలుగు పగళ్ళు నాలుగు రాత్రులు, మేత పెట్టక కనిపెట్టియుందురు. ప్రతి దినము చచ్చినవానిని తీసివేసి లెక్క వ్రాయుదురు. బ్రదికియున్నవి తలక్రిందులుగా ఈదుచున్నవా, రంగు మాఱినవా, ఊపిరికై తొందరపడుచున్నవా యని కూడ వ్రాయుదురు.

మందు లేని తొట్టి యెందులకు? చేపలు మందువలన చచ్చినవో, తెచ్చుటలో తగిలిన దెబ్బలవలననో, రోగమువలననో తెలియవలదా? ఆ తొట్టిలోనే నూటికి పదింటికి మించి చచ్చినచో పరీక్ష చెల్లదని కొట్టివేయుదురు. ఒక కూర చెడినచో అది ఉప్పు దోషమో, నీటి దోషమో తెలియుటకు ఉప్పు వేయని గరిటెడు కూరను విడిగా ఉంచి చూచు ఇల్లాలి వివేకమే యిది.

నాలుగవ దినాంతమున సగము చేపలను చంపగల పాళ్ళు ఎంతయో లెక్కగట్టుదురు. దీనినే శాస్త్రజ్ఞులు ఎల్.సి. 50 అందురు. ఒక మందునకు ఈ సంఖ్య లీటరునకు 10 మిల్లీగ్రాములనియు, మఱియొక దానికి 10 మైక్రోగ్రాములనియు వచ్చినదనుకొందము. మిల్లీగ్రాములో వేయవ వంతే మైక్రోగ్రాము. కావున రెండవ మందు మొదటిదానికంటె వేయిరెట్లు తీక్ష్ణము. సంఖ్య తగ్గినకొలది విషము హెచ్చని గుఱుతుంచుకొనవలెను.

ఈ పరీక్షలలో సాక్షిగా నిలుచు చేప యేది? పాశ్చాత్యులు చిరకాలముగా చల్లని నీటి చేప యగు రెయిన్‌బో ట్రౌటును వాడుచున్నారు. దానితోబాటు నేడు లోకమున ప్రసిద్ధమైనది జీబ్రా చేప. వేలి పొడవైనను ఉండని, నీలపు చారలుగల ఈ చిన్నచేప మన దేశమున పుట్టినదే. ఈస్టిండియా కంపెనీలో వైద్యుడుగా నుండిన ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822 లో గంగానదీ ప్రాంతపు చేపలను గూర్చి ప్రకటించిన గ్రంథమున దీనిని మొదట వర్ణించెను. 1981 లో అమెరికాలోని ఓరెగాన్ విశ్వవిద్యాలయపు జార్జి స్ట్రైసింగర్ దీనిపై చేసిన పరిశోధన ప్రకటింపబడిన పిమ్మట, దీని కీర్తి దేశదేశముల ప్రయోగశాలలకు వ్యాపించినది. మన వాగులలో ఈదు పరకలకు దూరపు బంధువైన చేప, నేడు లోకపు మందులన్నిటికి పరీక్షకురాలైనదన్న మాట.

బంధువు సాక్ష్యము విలువైనదే; కాని బంధువు సాక్ష్యము ఇంటివాని సాక్ష్యముతో సమానము కాదు. ఏలయన, నీరు మాఱినచో విషపు తీరును మాఱును. కొన్ని విషములు వేడినీట, కొన్ని చల్లని నీట ఎక్కువ తీక్ష్ణములు. రాగి కఠినజలములో తగ్గి, మెత్తని నీట విజృంభించును. చేప జాతినిబట్టి, వయస్సునుబట్టి, అది విషమును తన దేహములో విఱుగగొట్టుకొను శక్తినిబట్టి ఫలితము మాఱును. చల్లని దేశపు ట్రౌటు తన చలినీటిలో చెప్పిన మాట, వైశాఖమాసపు మా చెఱువున ఉడుకునీటిలోని పరకకు సరిపోవునని ఎట్లు నమ్ముదుము?

మన తెలుగు విశ్వవిద్యాలయములలో ఈ విషయమున చాలకాలముగా కృషి జరుగుచున్నది. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయమువారు 1979 నాటికే మిథైల్ పెరాథియాన్ అను పురుగుమందు తిలాపియా చేప దేహములో చేయు మార్పులను పరిశీలించి ప్రకటించిరి. తిలాపియా ఆఫ్రికా చేప, 1952 లో మన దేశమునకు తేబడినది, మిక్కిలి మొండిది. గుంటూరు దగ్గఱి ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయమువారు మన సొంత చేపలగు బొచ్చె, శీలావతి, మృగాలలపై క్లోర్‌పైరిఫాస్ అను మందును పరీక్షించి, 2004 లో ఫలితములను ప్రకటించిరి. ఒకే మందును మూడు జాతులపై ప్రక్కప్రక్కన పరీక్షించుటయే మనకు కావలసిన త్రోవ.

అయినను ఆ మూడును పెంపకపు చేపలే. వాని పిల్లలు కొనుటకు దొరకును. తొట్లలో చక్కగా బ్రదుకును. పరకపిల్లలను, చిన్న జెల్లలను ఎవ్వరును పెంచి అమ్మరు. వలలో పట్టినచో పొలుసులూడి రెండు దినములలో చచ్చును. అందువలన, సాక్ష్యమునకు తగిన చేప కంటె దొరకిన చేపయే తఱచుగా సాక్షి యగుచున్నది. అడవివాగులలో ఉండి, బీదవారి కూరకుండలోనికి వచ్చు చిన్నచేపల మాట వినువారు తక్కువ.

దీనికి ఉపాయము లేకపోలేదు. అమెరికా, ఆస్ట్రేలియా మొదలగు దేశములలో ఒకే విషమునకు పలు జాతుల ఫలితములను సేకరించి, మిక్కిలి సుకుమారమైనదానినుండి మిక్కిలి మొండిదానివఱకు వరుసగా పేర్చి, నూటికి 95 జాతులకు హాని కలుగని మేరను నిర్ణయించు పద్ధతి కలదు. పంక్తిలో చిన్నవానికి ముందు వడ్డించు మన గృహధర్మమువంటిదే యిది; బలహీనుని బట్టి మేర ఏర్పడును. అయితే ఆ వరుసలో మన పరక పేరే లేనిచో, ఆ మేర దానిని కాపాడునని చెప్పుటకు వీలులేదు.

ఇప్పుడు మన ఇండ్లలోనికి, పొలములలోనికి వత్తము. పురుగుమందుల డబ్బాపై ఎఱుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ రంగులలో ఒక గుఱుతుండుట మీరు చూచియుందురు. 1968 నాటి కీటకనాశినుల చట్టమును అనుసరించి 1971 లో చేసిన నియమములచే ఏర్పడిన గుఱుతులివి. ఎఱుపు మిక్కిలి ఘోరవిషము. పసుపు దానికి తరువాతిది. నీలము, ఆకుపచ్చ క్రమముగా తక్కువవి. ఈ తరగతులు ఎలుకలవంటి పాలిచ్చు జంతువులపై చేసిన పరీక్షలనుబట్టి యేర్పడినవి, చేపలనుబట్టి కాదు. మనుష్యునకు కలుగు అపాయమును తెలుపుటకు అది తగినదే. కాని ఎఱుపు కాదు గదా యని ఆ డబ్బాను చెఱువులో కడిగినచో ఏమగునో చూడుడు.

సైపర్‌మెత్రిన్ అను మందు పైరిత్రాయిడు జాతిది. ప్రత్తి, మిరప చేలలో విరివిగా వాడుదురు. మన యిండ్లలోని దోమలమందులు, బొద్దింకలమందులలో చాలవఱకు ఈ జాతివే. దీనికి పసుపు గుఱుతు. మన దేహము దీనిని త్వరగా విఱుగగొట్టి బయటికి పంపును. చేపకు ఆ శక్తి మిక్కిలి తక్కువ. మొప్పలనుండి చేరిన మందు నరములను పట్టి పీడించును. పలు జాతుల చేపలలో సగమును చంపుటకు లీటరునకు కొలది మైక్రోగ్రాములే చాలును.

ఒక ఎకరము విస్తీర్ణముగల కుంటలో మీటరు లోతు నీరున్నదనుకొందము. ఆ నీరు ఇంచుమించు 40 లక్షల 47 వేల లీటర్లు. నూటికి పది వంతుల మందుగల చిన్నసీసా, 100 మిల్లీలీటర్లది, అందు పడినదనుకొందము. అందులోని అసలు మందు ఇంచుమించు 10 గ్రాములు, అనగా ఒక కోటి మైక్రోగ్రాములు. కుంటయంతట సమముగా కలిసినచో లీటరునకు రెండున్నర మైక్రోగ్రాములు వచ్చును. మందులో కొంత బురదకు అంటుకొని తగ్గును, నిజమే. కాని పడిన ఒడ్డున మొదటి గంటలలో పాళ్ళు ఎన్నో రెట్లు హెచ్చుగా నుండును. పరకపిల్లలు తిరుగునది ఆ ఒడ్డుననే.

మా యడవిసీమలో దీనికొక పోలిక కలదు. ఇప్పగింజలనుండి నూనె తీయగా మిగిలిన పిండి చేపలకు విషము. చేపలు పెంచువారు కొత్త పిల్లలను విడుచుటకు ముందు, కుంటలోని పనికిరాని చేపలను తొలగించుటకు దీనిని లీటరు నీటికి 250 మిల్లీగ్రాముల చొప్పున వేయుదురు. అందలి సాపోనిన్ అను పదార్థము చేపల నెత్తుటి కణములను చెఱచును. రెండు మూడు వారములలో దాని విషము పోయి, పిండి యెఱువగును. పైని చెప్పిన ఎకరము కుంటకు ఈ పిండి ఇంచుమించు వేయి కిలోలు కావలెను. బండిపై తోలవలసిన ఆ పిండి చేయు పనికి దగ్గఱగా, పిడికిటిలో ఇముడు సీసా చేయగలదు. వేయి కిలోల పిండిని ఎవ్వరును పొఱపాటున చెఱువులో పోయరు. సీసాను మాత్రము చేయి జాఱినంతలో, కడిగినంతలో పోయుదురు. నేటి విషములకును నాటి విషములకును భేదము ఇదియే.

పరిశ్రమల సంగతియు ఈ ప్రశ్నకు వెలుపలిది కాదు. మా ప్రాంతమున గోదావరి యొడ్డున సారపాకలో కాగితపు మిల్లును, కిన్నెరసాని పరిసరమున పాల్వంచలో విద్యుత్కేంద్రములును, కొత్తగూడెము, మణుగూరులలో బొగ్గుగనులును కలవు. ఇట్టి సంస్థల వాడకపు నీటినిగూర్చి 1974 లో నీటి కాలుష్య నివారణ చట్టమును, 1986 లో పర్యావరణ రక్షణ చట్టమును వచ్చినవి. రెండవదాని క్రింద ఏర్పడిన సామాన్య ప్రమాణములలో ఒకటి చేపలకు సంబంధించినది: ఏమియు కలుపని మురుగునీటిలో 96 గంటల తరువాత నూటికి 90 చేపలు బ్రదికియుండవలెను. ఇది మంచి నియమము. అయితే అందు చేప యని యున్నది గాని, ఏ చేప యని లేదు. భారతీయ ప్రమాణముల పరీక్షావిధానమున జీబ్రా చేపను చెప్పినారు. అది గోదావరి పరకకు, కిన్నెరసాని జెల్లకు బదులు పలుకగలదో లేదో వానిని ప్రక్కన నిలిపి పరీక్షించిననే తెలియును.

మఱియొక సంగతి. చావకుండుట యొకటి, ఆరోగ్యముగా నుండుట యొకటి. ఇంటిలో జ్వరముతో మంచము పట్టిన బిడ్డను చూచి, బ్రదికియున్నాడు గదా యని వైద్యుని పిలువక ఊరకుందుమా? క్లోర్‌పైరిఫాస్‌వంటి మందులు నరములకు సంబంధించిన ఎంజైము నొకదానిని అడ్డగించును. అట్టి నీటిలో చేప నాలుగు దినములలో చావకపోవచ్చును; కాని సరిగా ఈదలేదు, మేత పట్టలేదు, శత్రువునుండి తప్పుకొనలేదు. తీక్ష్ణవిషముల చరిత్ర మనకు తెలియనిది కాదు. 1986 నవంబరు 1 వ తేదీన స్విట్జర్లాండులోని బాసెల్ నగరము దగ్గఱ మందుల గిడ్డంగి కాలి, ఆర్పిన నీటితో పురుగుమందులు రైన్ నదిలో కలియగా, అడుగున నుండు పాముచేపలు లక్షకు మించి చచ్చినవి. చేపలకు మిక్కిలి ప్రాణాంతకమైన ఎండోసల్ఫాన్‌ను మన దేశమున సుప్రీముకోర్టు 2011 లో ఆపివేసినది. చచ్చిన చేపలను అందఱు చూతురు. సగము చచ్చి బ్రదుకుచున్న చేపను చూచుటకే పరీక్ష కావలెను.

ఇట్లు పరీక్షకై చేపలను చంపుట ధర్మమా యని మీలో కొందఱికి తోచవచ్చును. నాకును తోచినది. శాస్త్రజ్ఞులకును ఆ సంకోచము కలదు. 2013 లో జీబ్రా చేప యొక్క అప్పుడే ఫలించిన గ్రుడ్లతో చేయు పరీక్షను, 2021 లో ట్రౌటు మొప్పలలోని కణములను గాజుపాత్రలలో పెంచి వానితో చేయు పరీక్షను, పైని చెప్పిన దేశముల కూటమి అంగీకరించినది. మన పరకల కణములతో అట్టి పరీక్షలు మన విశ్వవిద్యాలయములలో జరుగు దినము రావలెనని నా కోరిక. అప్పుడు ప్రాణహింస తగ్గును. సాక్ష్యమును మన యింటిదగును.

అంతవఱకు ఇల్లాండ్రము మనము చేయదగినవి కొన్ని కలవు. పంపును, డబ్బాను చెఱువున, వాగున, బావిగట్టున కడుగనీయరాదు. సీసాను మూడుమాఱులు తొలిచి, ఆ తొలిచిన నీటిని పంపులోనే పోసి చేనిపై చల్లివేయవలెను. మందుడబ్బాలను ధాన్యమునకు గాని, నీళ్లకు గాని వాడరాదు. చేపలు తేలిన చెఱువు చేపను, అది బ్రదికియున్న కొరమీనైనను, వండరాదు. ఉడికించినంతనే విషము పోవునని నమ్మరాదు. పశువులను ఆ నీటికి తోలరాదు. చేపలు తేలినపుడు శుభ్రమైన గాజుసీసాలో నీటిని నిండుగా పట్టి, మూతబెట్టి, చల్లని చోట నుంచి, దినమును వేళను వ్రాసి, పంచాయతీవారికి, మత్స్యశాఖవారికి, కాలుష్య నియంత్రణ మండలివారికి వెంటనే తెలుపవలెను. ఒకటి రెండు దినములు జాగు చేసినచో సాక్ష్యము నీటితోనే పోవును. అన్నిటికంటె ముఖ్యముగా, పెద్దచేపలను కాక చిన్నచేపలను కనిపెట్టి యుండవలెను.

భాగవతమున సత్యవ్రతుని కథ మీరెఱిగినదే. కృతమాలానదిలో తర్పణము విడుచుచుండగా ఆ రాజు దోసిటిలోనికి ఒక చిన్నచేప వచ్చి, పెద్దచేపలవలన భయమని శరణు వేడినది. రాజు మొదట దానిని నదిలో విడిచినను, దాని మొఱ విని కమండలువులో నుంచెను. అది పెరిగినకొలది పెద్ద పాత్రకు, కొలనునకు, సముద్రమునకు చేర్చెను. ఆ చేపయే కదా, ఏడవ దినమున ప్రళయము రానున్నదని ఆయనకు ముందుగా జెప్పినది! చిన్నదని దాని మొఱ వినకపోయినచో ఆ హెచ్చరిక వినబడకపోయెడిది. నేటి శాస్త్రజ్ఞుల తొట్టిలోని చేప నాలుగు దినములలో తన మాట చెప్పుచున్నది. మన చెఱువులోని పరక ఒక్క రాత్రిలోనే చెప్పినది.

ఆ సంవత్సరము మా యూరిలో పెద్దలు కూడి, చెఱువుగట్టున మందు పంపు కడుగరాదని కట్టుబాటు చేసిరి. అది పూర్తిగా సాగినదని చెప్పను, రెండుమాఱులు తప్పినది, రెండుమాఱులును మొదట చూచి చెప్పినది నీళ్లకు పోయిన ఆడువారే. పాఠశాల పిల్లలు నెలకొకమాఱు తూము దగ్గఱ నిలిచి, ఏ యే చిన్నచేపలు కనబడినవో ఒక పుస్తకమున వ్రాయుచున్నారు. మొదటి యేడు ఆ పుటలలో పరక పేరు చాలనెలలు లేదు. మఱుసటి వానకాలమున ఎగువ వాగునుండి నీటితోబాటు మరల వచ్చినది. మొన్న అవ్వ గంప దించి, పైన కప్పిన ఆకు తొలగించి, "చూడుండ్రి అమ్మా, పరకలు" అన్నది. నేను ఆనాడు కొరమీను కొనలేదు, పరకలే కొంటిని.